పండగ మర్నాటి ప్రశ్న

వాక్‌చికిత్స, అంటే వాడుకలో అందరూ స్పీచ్ థెరపీ అని పిలిచేది, జరిగే గదిలో పిల్లలకు ఎదురయ్యే ప్రశ్నల్లో చాలావాటికి అడిగేవారికి జవాబు ముందే తెలిసి ఉంటుంది. బంతి బొమ్మ చూపించి ఇదేమిటని అడిగే పెద్దమనిషికి అది బంతి అని తెలియదని మూడేళ్ల బిడ్డ కూడా నమ్మదు. ఇటువంటివాటిని పరీక్షా ప్రశ్నలంటారు. ఇవి పనికిరానివని చెప్పడానికి వీల్లేదు. బిడ్డకు ఏ మాట వచ్చిందో, ఏది అర్థమవుతూ కూడా నోటికి రావడం లేదో లెక్క చూసుకోవడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు. అయితే మాట అనేది ఒకరికి తెలిసిన సంగతి మరొకరికి తెలియకపోవడం వల్ల అవసరపడిన సాధనం కాబట్టి, వారానికి రెండు మూడు పూటలు తెలిసిన సంగతులనే తెలిసినవారికి అప్పజెప్పే బిడ్డకు మాటల మీద ఏర్పడే అభిప్రాయం ఎక్కాల మీద ఏర్పడే అభిప్రాయం కంటే మెరుగ్గా ఉండాలని ఆశించడం కష్టం. కొత్త సంవత్సరపు పండగలను ఈ గదిలోకి సంభాషణ విషయంగా తీసుకురావడంలో ఉన్న అసలు ప్రయోజనం ఇక్కడే కనిపిస్తుంది. ఉగాది మర్నాడు "నిన్న మీ ఇంట్లో ఏం చేశారు?" అని అడిగే థెరపిస్టుకు ఆ ఇంట్లో ఏం జరిగిందో నిజంగానే తెలియదు, ఆ సంగతి బిడ్డకూ తెలుసు.

భారతదేశంలో ఈ విద్యకు పెద్ద దిక్కుగా మైసూరులో 1965లో ఏర్పడిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థను చెప్పుకుంటారు. అలీ యావర్ జంగ్ పేరిట ముంబైలో ఉన్న జాతీయ సంస్థకు సికింద్రాబాదులోని మనోవికాస్‌నగర్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. నాలుగేళ్ల డిగ్రీ చదివి, 1992 నాటి చట్టం కింద ఏర్పడిన పునరావాస మండలిలో పేరు నమోదు చేసుకున్నవారు ఈ వృత్తి చేస్తారు. వారి దగ్గరికి వచ్చే పిల్లలందరినీ జనం "మాటలు రాని పిల్లలు" అని ఒకే గాటన కడతారు గాని, వినికిడి లోపం వల్ల మాట ఆలస్యమైనవారు, ఆటిజం ఉన్నవారు, శబ్దాలు సరిగా పలకలేనివారు, నత్తి ఉన్నవారు, అన్నీ అర్థమవుతున్నా వాక్యం కట్టలేనివారు వేరువేరు. ఒకరికి మేలు చేసిన అభ్యాసం మరొకరికి అడ్డు కావచ్చు. పండగ గురించిన సంభాషణ కూడా వీరందరికీ ఒకే రకంగా పనికొచ్చే మందు కాదు.

పండగే ఎందుకు, నిన్నటి మామూలు రోజు గురించి అడిగితే చాలదా అన్నది న్యాయమైన సందేహమే. మామూలు రోజు గురించి అడిగితే బిడ్డ సగం మాట అని ఆగిపోయినప్పుడు, ఆ సగం దేని తాలూకో ఊహించడానికి థెరపిస్టుకు ఆధారం ఉండదు. పండగ రోజుకైతే ఒక చట్రం ఉంటుంది, తెలుగు ఇంట ఉగాది అనగానే మామిడాకుల తోరణం, తలంటు, కొత్త బట్టలు, వేపపువ్వు పచ్చడి, ఏదో ఒక పిండివంట, సాయంత్రం గుడిలోనో టీవీలోనో పంచాంగ శ్రవణం ఉంటాయని వినేవారికి ముందే తెలుసు కాబట్టి, బిడ్డ "వే... పూ... ఛీ" అన్నా అందులోని వేపపువ్వును పోల్చుకోవచ్చు. చట్రం ఇద్దరికీ తెలిసినది, అందులోని సంగతులు బిడ్డకు మాత్రమే తెలిసినవి. అస్పష్టంగా మాట్లాడే బిడ్డతో నిజమైన సంభాషణ జరగడానికి ఇంతకంటే అనువైన పొత్తు అరుదు.

ఈ చట్రాన్నే మనస్తత్వశాస్త్రంలో స్క్రిప్టు అంటారు. ఒక సందర్భంలో దేని తర్వాత ఏది జరుగుతుందో మనసులో కుదురుకున్న క్రమం అది. అమెరికన్ పరిశోధకురాలు కేథరిన్ నెల్సన్ తన సహచరులతో కలిసి 1986లో వెలువరించిన గ్రంథంలో, మూడేళ్ల పిల్లలు కూడా తమకు అలవాటైన సందర్భాల క్రమాన్ని ఆశ్చర్యపడేంత చక్కగా చెప్పగలరని చూపించారు. ఆ వయసులో వారు చెప్పేది ఒకానొక రోజున జరిగినదాని కంటే ఎప్పుడూ జరిగేదే ఎక్కువగా ఉంటుంది. తెలుగులో ఈ తేడా క్రియాపదంలోనే బయటపడుతుంది, ఎందుకంటే "పచ్చడి తింటాం" అన్నది స్క్రిప్టు, "పచ్చడి తిన్నాం" అన్నది వార్త. మొదటిదాని నుంచి రెండోదానికి బిడ్డను నడిపించే ప్రశ్న "ఈసారి ఏమైంది?" అన్నది. జెరోమ్ బ్రూనర్ 1990లో వాదించినట్టు, జరగవలసినది జరగవలసినట్టే జరిగినప్పుడు కథ పుట్టదు. గాడి తప్పినప్పుడే పుడుతుంది. అందరూ పచ్చడి తిన్నారన్నంత వరకు చెప్పడానికేమీ లేదు. చెల్లి గిన్నె తలకిందులు చేసుకుని కొత్త గౌను పాడుచేసుకున్నా, పొయ్యి మీద పూర్ణం మాడిపోయినా, తాతయ్య కళ్లజోడు కనపడక పంచాంగం తప్పుగా చదివినా అక్కడినుంచి కథ మొదలవుతుంది. పండగ బాగా జరిగిన ఇంటి పిల్లల కంటే కాస్త రసాభాస అయిన ఇంటి పిల్లలే మర్నాడు ఎక్కువ మాట్లాడతారని ఎవరైనా అంటే కాదనడానికి కారణం కనిపించదు.

తెలుగువారికి ఏడాదికి రెండు కొత్త సంవత్సరాలు ఉండటం ఈ పనికి కలిసొచ్చిన విషయం. జనవరి ఒకటికీ ఉగాదికీ మధ్య 2024లో 99 రోజులు, 2025లో 88 రోజులు, 2026లో 77 రోజులు ఎడం ఉంది. చాంద్రమాన సంవత్సరం సౌర సంవత్సరం కంటే 11 రోజులు తక్కువ కావడం వల్ల ఏటా అంతంత తగ్గుతూ వచ్చి, అధికమాసం పడిన ఏడాది దాటగానే ఉగాది మళ్లీ ఏప్రిల్ వైపు జరుగుతుంది. చికిత్సలో మూడు నెలలు అనేది ప్రగతి చూసుకోవడానికి సరిపడే గడువు. జనవరిలో కేకు గురించి రెండేసి మాటల్లో చెప్పిన బిడ్డ చైత్రంలో పచ్చడి గురించి ఎన్నేసి మాటల్లో చెప్పిందో పోల్చి చూస్తే, రెండు సందర్భాలూ ఒకే కోవకు చెందినవి కాబట్టి, ఆ పోలికకు విలువ ఉంటుంది. వాక్యంలోని పదాంశాల సగటును లెక్కించి భాషా వికాసాన్ని కొలిచే పద్ధతిని రోజర్ బ్రౌన్ ఇంగ్లీషు పిల్లల కోసం 1973 నాటి పుస్తకంలో స్థిరపరిచారు. తెలుగులో "తినలేకపోయాను" అన్న ఒక్క మాటలోనే తినడం, చేతకాకపోవడం, గడిచిన కాలం, చెప్పేవాడు అన్నీ ఇమిడి ఉంటాయి కాబట్టి మాటలను మాత్రమే లెక్కపెట్టే థెరపిస్టు ఆ బిడ్డకు అన్యాయం చేసినట్టే అవుతుంది.

పండగ రోజును వర్ణించడంలో తెలుగు వాక్యం తన అసలు స్వభావాన్ని చూపిస్తుంది. "పొద్దున్నే లేచి, తలంటి పోసుకుని, కొత్త చొక్కా తొడుక్కుని, దేవుడికి దండం పెట్టి పచ్చడి తిన్నాను" అన్న వాక్యంలో చివరి క్రియ ఒక్కటే పూర్తి అవుతుంది. మిగిలినవన్నీ క్త్వార్థకాలు, అంటే ముందు జరిగిన పనిని చెబుతూ తర్వాతి పని కోసం వాక్యాన్ని తెరిచి ఉంచే అసమాపక క్రియలు. భాష ఆలస్యమైన బిడ్డ మొదట "లేచాను, పోసుకున్నాను, తిన్నాను" అని దేనికది విడిగా చెబుతుంది. కొంత కాలానికి వాటి మధ్య "తర్వాత" అన్న మాట చేరి, ఊపిరి తీసుకున్న ప్రతిసారీ అదే వినిపిస్తుంది. ఆ దశలో పెద్దలు విసుక్కుంటారు గాని, సంఘటనల మధ్య క్రమం ఉందని బిడ్డ గ్రహించినందుకు గుర్తు అదే. ఆ "తర్వాత" కరిగిపోయి "లేచి, పోసుకుని" వచ్చిన నాడు వాక్యం నిజంగా తెలుగు వాక్యమవుతుంది. ఇంగ్లీషు పుస్తకాల్లోని అభ్యాసాలను తెచ్చి, మొదట ఇది, తర్వాత అది, చివరికి మరొకటి అని బొమ్మల కార్డులు పేర్చి నేర్పడం వల్ల పిల్లలు "తర్వాత" దగ్గరే ఆగిపోయే ప్రమాదం ఉంది. ఆ కార్డులను పేర్చినా, వాటిని కలిపి చదివేటప్పుడు క్త్వార్థకంతో చదివి వినిపించడం తెలుగు థెరపిస్టు చేయవలసిన చిన్న మార్పు.

ఇంతకంటే లోతైన చిక్కు మరొకటి ఉంది. క్త్వార్థకానికీ చివరి క్రియకూ సాధారణంగా కర్త ఒకరే ఉండాలి. "అమ్మ పచ్చడి చేసి మేం తిన్నాం" అంటే తెలుగు చెవికి ఎక్కడో కిర్రుమంటుంది. "అమ్మ పచ్చడి చేస్తే మేం తిన్నాం" అనాలి. చేసి నుంచి చేస్తేకు మారడంలో పని చేసినవారు మారారన్న సంగతి దాగి ఉంది. మామూలు రోజున బిడ్డ తన గురించే చెప్పుకుంటుంది కాబట్టి ఈ మార్పు అవసరం తక్కువ. పండగ రోజున అలా కాదు. నాన్న తోరణం కడితే అన్న పట్టుకుంటాడు, నాయనమ్మ పూర్ణం రుబ్బితే అత్త ఒత్తుతుంది, ఎవరో పిలిస్తే మరెవరో వస్తారు. ఇంటిల్లిపాదీ తలా ఒక పనిలో ఉండే రోజు కాబట్టి, కర్తలు మారే వాక్యాలకు అంతటి సహజమైన అవకాశం అభ్యాస పుస్తకంలో కృత్రిమంగా కల్పించడం కష్టం. "వాన వచ్చి ముగ్గు చెరిగిపోయింది" వంటి వాక్యాల్లో కర్తలు వేరైనా క్త్వార్థకం చెల్లుతుంది, అక్కడ మొదటిది రెండోదానికి కారణం కాబట్టి. ఇటువంటి మినహాయింపులను ఎవరూ బిడ్డకు సూత్రంగా చెప్పి నేర్పలేరు. డిసెంబరు 31 రాత్రి వాకిట్లో రంగులతో వేసిన "హ్యాపీ న్యూ ఇయర్" ముగ్గు మీదుగా మోటారు సైకిలు వెళ్లిపోయిన సంగతి చెప్పబోయే బిడ్డకు ఆ వాక్యం అవసరపడుతుంది, అవసరపడినప్పుడు విన్న వాక్యం నిలుస్తుంది.

తెలుగులో మనం, మేము అన్న రెండు మాటలు ఉండటం ఈ సందర్భంలో ప్రత్యేకంగా చెప్పుకోవలసిన విషయం. వింటున్నవారిని కలుపుకుంటే మనం, వేరుగా ఉంచితే మేము. నిన్నటి పండగలో థెరపిస్టు లేదు కాబట్టి బిడ్డ "మేము" అనాలి. ఈ గదిలో ఇప్పుడు ఇద్దరూ కలిసి మట్టిముద్దతో బొబ్బట్లు చేస్తున్నారు కాబట్టి "మనం" అనాలి. ఈ తేడా తెలియాలంటే, తనకు తెలిసినది ఎదుటివారికి తెలియకపోవచ్చు, తానున్న చోట ఎదుటివారు లేకపోవచ్చు అన్న ఎరుక ఉండాలి. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి నువ్వు, నేను అన్న మాటలు తారుమారు కావడం థెరపిస్టులకు బాగా తెలిసిన విషయం. మనం, మేముల చిక్కు అంత తేలికగా కంటపడదు. "తిన్నాం" అన్న క్రియ రెండింటికీ ఒకటే కావడం వల్లా, తెలుగులో కర్తను చెప్పకుండా వదిలేయడం మామూలు కావడం వల్లా, బిడ్డ "పచ్చడి తిన్నాం" అంటే తప్పు తప్పుగా కనబడదు. ఎవరెవరు తిన్నారని అడిగినప్పుడు "మనం" అని జవాబు వస్తే, అక్కడ ఆగి, నవ్వుతూ, "నేను లేను కదా నాన్నా, మా ఇంట్లో ఉన్నాను" అని చెప్పడానికి పండగ మర్నాడు దొరికినంత నిజమైన కారణం మరే రోజూ దొరకదు.

కొత్త సంవత్సరాన్ని మిగతా పండగల నుంచి వేరుచేసేది కాలం. నిన్న, ఇవాళ, రేపు అన్నవి నాలుగేళ్ల పిల్లలకు కూడా తడబడే మాటలు. నిరుడు, వచ్చే ఏడు అన్నవి ఇంకా దూరం. కాలానికి రంగూ రూపూ ఉండవు కాబట్టి బొమ్మ చూపించి ఇది "నిరుడు" అని నేర్పడం సాధ్యం కాదు. గోడ క్యాలెండరుకు మాత్రం రూపం ఉంటుంది. పాత క్యాలెండరు మేకు నుంచి తీసి కొత్తది తగిలించడం, పాతదానిలో బిడ్డ పుట్టినరోజు ఉన్న కాగితం వెతికి అక్కడ కేకు బొమ్మ గీయడం, కొత్తదానిలో రాబోయే పుట్టినరోజు దగ్గర ఖాళీ గడి చూపించడం వంటివి కాలాన్ని చేతికి అందించే పనులు. కొంచెం పెద్ద పిల్లలతో, ఎనిమిదేళ్లు దాటినవారితో, పంచాంగ శ్రవణం ఆట బాగా నడుస్తుంది. ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు చదివే పంతులుగారి పాత్రను బిడ్డకు ఇచ్చి, ఇంట్లో ఒక్కొక్కరికీ ఈ ఏడాది ఏం జరుగుతుందో చెప్పమంటే, అక్క పరీక్ష తప్పుతుందనీ, నాన్న బండి కొంటాడనీ, తనకు సెలవులే సెలవులనీ రాబోయే కాలపు వాక్యాలు వరసగా వస్తాయి. జోస్యం మీద నమ్మకం ఉన్నా లేకపోయినా, భవిష్యత్తు గురించి అంత ధీమాగా మాట్లాడే ప్రక్రియలు తెలుగు సంస్కృతిలో అరుదు. ధీమా లేకనే నోరు విప్పని పిల్లలకు పంతులుగారి కండువా ఒక కవచంగా పనికొస్తుంది.

ఇక మాటల ఎంపిక సంగతి. పండగ వస్తోందనగానే చాలాచోట్ల తోరణం, వేపపువ్వు, మామిడికాయ, బెల్లం అంటూ బొమ్మల కార్డులు తయారవుతాయి, బిడ్డ వాటి పేర్లు అప్పజెప్పగానే పండగ పాఠం అయిపోయినట్టు లెక్క. ఇది శ్రమ తప్పుదారి పట్టడం. బొమ్మల పలకల వంటి సంభాషణ సాధనాల మీద పనిచేసేవారు మాటలను రెండు తెగలుగా చూస్తారు. ఇవ్వు, ఇంకా, వద్దు, నాది, అయిపోయింది వంటివి ఏ సందర్భంలోనైనా పనికొచ్చే కీలక పదాలు. తోరణం, వేపపువ్వు వంటివి ఏదో ఒక సందర్భానికే పనికొచ్చే అంచు పదాలు. వేపపువ్వు అన్న మాట నగరంలో పెరిగే బిడ్డకు ఏడాదికి ఒక్క పూట అవసరం, "ఇంకా" అన్నది ప్రతి పూటా అవసరం. నోటితో మాట్లాడలేక బొమ్మల పలక మీద వేలు పెట్టి చెప్పే పిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే వారి పలక మీద చోటు కొద్ది. పండగను కీలక పదాల కోసం వాడుకోవడమే తెలివైన పని. పచ్చడి కలిపే గిన్నె ముందు పెట్టి చెంచా ఇవ్వకుండా ఊరుకుంటే అడగవలసిన అవసరం పుడుతుంది. బెల్లం డబ్బా మూత గట్టిగా బిగించి ఇస్తే "తియ్యి" అన్న మాటకు పని పడుతుంది. ఇందులో పెద్దలు నేర్చుకోవలసినది ఊరుకోవడమే, అది వారికి పిల్లలకు మాటలు నేర్పడం కంటే కష్టం.

ఉగాది పచ్చడిలో చేదు ఉండటం వాక్‌చికిత్స దృష్టితో చూస్తే ఒక వరం. తీపి వస్తువుల చుట్టూ నడిచే సంభాషణలో బిడ్డ అనగలిగేది "కావాలి" అన్నంత వరకే. వద్దనడం, నచ్చలేదనడం, ఇది బాగుంది గాని అది బాగాలేదనడం అంతకంటే విస్తారమైన భాషను అడుగుతాయి. "నాకు చేదు నచ్చలేదు" అన్న వాక్యంలో "నేను" అనకుండా "నాకు" అనాలి, ఎందుకంటే ఇష్టాయిష్టాలూ ఆకలిదప్పులూ తెలుగులో మనిషి చేసే పనులు కావు, మనిషికి కలిగేవి. ఆరు రుచుల్లో తీపి, కారం, ఉప్పు, పులుపు పిల్లలకు తొందరగా వస్తాయి. వగరు చాలామంది పెద్దలకు కూడా రుచిగా తెలిసినంత మాటగా తెలియదు. ముద్ద నోట్లో పెట్టుకోవడమే కష్టమైన పిల్లలు ఈ గదుల్లో చాలామంది ఉంటారు కాబట్టి, నాలుక మీద పెట్టకుండా వాసన చూసో, ఇంకొకరు తిని మొహం చిట్లించడం చూసో "ఛీ" అన్నా చాలు. ఆ ఛీ అనగల స్వేచ్ఛ ఇవ్వకుండా పండగ పూట మంచి మాటలే మాట్లాడాలని అడ్డుపడే పెద్దలు, బిడ్డ సొంతంగా చెప్పబోయిన మొదటి అభిప్రాయాన్ని అణిచినవారవుతారు.

ప్రాంతాన్ని బట్టి మాట మారుతుందన్న సంగతి మరిచిన థెరపిస్టు లేని తప్పును ఉన్నట్టు రాసుకునే ప్రమాదం ఉంది. కోస్తాలో బొబ్బట్టు, రాయలసీమలో ఓళిగ, తెలంగాణలో భక్ష్యం, పోలె; బొమ్మ కార్డు వెనక ఒక పేరే అచ్చయి ఉంటే మిగతా పేర్లు చెప్పిన పిల్లలకు మార్కు పోతుంది. ఇంకా సూక్ష్మమైనది క్రియ. తెలంగాణలో చాలా ఇళ్లల్లో ఉగాది పచ్చడిని కొత్త కుండలో పలచగా కలిపి గ్లాసుల్లో పోసుకుంటారు. ఆ ఇంటి బిడ్డ "పచ్చడి తాగినం" అంటే రెండు తప్పులు పట్టగల థెరపిస్టు ఉండవచ్చు, కాని బిడ్డ చెప్పినదాంట్లో ఒక్క తప్పూ లేదు. క్రియ పచ్చడికి సరిపోయింది, ప్రత్యయం ఇంటి మాటకు సరిపోయింది. పిల్లల భాషను కొలిచే ముందు ఆ ఇంటి పచ్చడి చిక్కగా ఉంటుందా పలచగా ఉంటుందా అని తల్లిని అడగవలసి రావడం విడ్డూరంగా కనిపించినా, అడగకపోతే కొలత తప్పుతుంది.

ఉచ్చారణ దోషాల విషయంలో పండగ మాటలు కొంత పనికొస్తాయి, మరీ అతిగా ఆశించకూడదు. నాలుక వెనక భాగంతో పలకవలసిన క, గలను ముందుకు తెచ్చి త, దలుగా పలికే పిల్లలు ఉగాదిని "ఉదాది" అంటారు. సంభాషణలో ఆ మాట పదిసార్లు సహజంగా వస్తుంది కాబట్టి దిద్దుకోవడానికి పది అవకాశాలు. కొంచెం వేడుకైన మరో సాధనం సంవత్సరాల పేర్లు. అర్థం లేని కొత్త మాటను వినిపించి వెంటనే తిరిగి చెప్పించడం ద్వారా శబ్దాలను మనసులో నిలుపుకునే శక్తిని పరీక్షిస్తారు. ఈ కాలపు పిల్లలకు ప్రమోదూత, ప్రజోత్పత్తి, విరోధికృత్తు, విశ్వావసు అన్నవి దాదాపు అర్థం లేని మాటలే. వీధిబడుల్లో తిథులతో, నక్షత్రాలతో పాటు ఈ అరవై పేర్లనూ వల్లె వేయించినవారికి ఇంత తయారైన అభ్యాస పట్టికను వాక్‌చికిత్సకు వదిలిపోతున్నామని తెలిసి ఉండదు. పిల్లవాడు పుట్టిన ఏడాది పేరు, ఈ ఏడాది పేరు అన్న రెండు చాలు. అరవై పేర్లూ చెప్పించడం మొదలుపెడితే గది మళ్లీ బడి అవుతుంది.

శుభాకాంక్షల సంగతి కొంచెం జాగ్రత్తగా చూడాలి. జనవరి ఒకటిన ఫోను బిడ్డ చెవికి ఆనించి "మామయ్యకి హ్యాపీ న్యూ ఇయర్ చెప్పు" అనడం తెలుగు ఇళ్లల్లో రివాజు. కొందరు పిల్లలకు ఆ మూడు మాటలూ కలిసి ఒకే శబ్దంగా అందుతాయి, దాన్ని వారు ఫిబ్రవరిలోనూ, పుట్టినరోజు నాడూ, లిఫ్టులో కనిపించిన పక్కింటాయనతోనూ అంటారు. ఇంటివారు నవ్వుతారు గాని, విన్నదాన్ని ముద్దగా మనసులో దాచుకుని సంతోషమైన సందర్భాల్లో బయటికి తీసే పిల్లలకు అది మాట్లాడటంలో ఒక మెట్టు. మనిషిని చూడగానే పలకరించాలన్న సంగతి వారికి తెలిసింది, ఏ రోజు ఏ మాట అన్నదే తెలియవలసి ఉంది. నత్తి ఉన్న పిల్లలకు మాత్రం ఈ ఫోను ఒక గండం. కాలం తరుముతున్న చోట, ఎవరో వింటున్న చోట, తప్పకుండా అవే మాటలు అనవలసిన చోట నత్తి పెరుగుతుంది. శుభాకాంక్షలు అన్న మాట ఆ మూడింటినీ ఒక్కచోట చేర్చడమే కాక, స్పష్టంగా పలికేవారికే అడ్డుతగిలే క్ష ఒత్తును కూడా మోసుకొస్తుంది. నెమ్మదిగా చెప్పు, ఊపిరి తీసుకుని చెప్పు అని పక్కనుంచి సాయం చేసేవారి వల్ల ఉపకారం జరగదు. బిడ్డ చెప్పాలనుకుంటే చెబుతుంది, లేకపోతే ఇంకొకరు చెబుతారు అన్నంత తేలికగా ఆ ఫోను సంగతి తీసుకునే ఇంట్లో నత్తికి భయం తోడవదు.

పండగ చేసుకోని ఇళ్లున్నాయన్న సంగతి మొదటే గుర్తుంచుకోవాలి. ఏడాది లోపల ఇంట్లో మరణం సంభవిస్తే చాలా కుటుంబాలు ఆ సంవత్సరం పండగలు చేసుకోవు. కొత్త బట్టలు కొన్నారా అన్న ప్రశ్న ఆ బిడ్డకు తాతయ్య లేని ఇంటిని గుర్తుచేస్తుంది. తెలుగు క్రైస్తవ కుటుంబాల పిల్లలకు కొత్త సంవత్సరం అంటే డిసెంబరు 31 అర్ధరాత్రి దాకా చర్చిలో జరిగే వాచ్ నైట్ ఆరాధన, నిద్ర కళ్లతో విన్న పాటలు. ముస్లిం కుటుంబాల్లో హిజ్రీ సంవత్సరం మొహర్రంతో మొదలవుతుంది, ఆ నెలకు సంతాపపు నీడ ఉంది. అర్ధరాత్రి టపాకాయల మోతకు చెవులు మూసుకుని మంచం కింద దూరే బిడ్డకు, ఆటిజం ఉన్నవారిలో ఇది తరచు, ఆ రాత్రి పండగ కాదు. అయితే భయం కూడా చెప్పుకోదగిన సంగతే. "ఢాం అంది, నేను దాక్కున్నా" అన్న వాక్యం కేకు తిన్నాం అన్న వాక్యం కంటే ఎక్కువ మంది పెద్దలకు తెలియవలసిన వార్త. కాబట్టి మొదటి ప్రశ్న "పండగ ఎలా జరిగింది?" కాకుండా "నిన్న ఇంట్లో ఎవరెవరు ఉన్నారు?" అన్నంత సాదాగా ఉంటే, పండగ ఉన్న ఇల్లూ లేని ఇల్లూ రెండూ అందులో పడతాయి.

విదేశాల్లో పెరిగే తెలుగు పిల్లల దగ్గర ఈ లెక్క వింతగా తిరగబడుతుంది. అమెరికాలో చాలామంది పిల్లలకు బడిలోనే వాక్‌చికిత్స అందుతుంది, చికిత్స చేసేవారికి ఉగాది అన్న పేరే కొత్త కావచ్చు. అక్కడ చట్రం కూడా థెరపిస్టుకు తెలియదు. బిడ్డ చెప్పేది అంతా కొత్తే. బాగా మాట్లాడగలిగే బిడ్డకు అది గొప్ప అవకాశం, మాట అస్పష్టంగా ఉన్న బిడ్డకు పెద్ద కష్టం, ఎందుకంటే "పచ్చడి" అన్న మాటను పోల్చుకునే ఆధారం వినేవారి దగ్గర లేదు. శనివారం తెలుగు సంఘంవారి సభలో తీసిన నాలుగు ఫోటోలు వెంట పంపితే ఆ లోటు కొంత తీరుతుంది. మాట ఆలస్యమైందని ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడమని సలహా ఇచ్చే అలవాటు ఇక్కడా అక్కడా ఇంకా పూర్తిగా పోలేదు. రెండు భాషలు వినడం వల్ల భాషాలోపం కలగదని పరిశోధనలు తేల్చి చాలా కాలమైంది. తెలుగు మానేసిన ఇంట్లో నాయనమ్మతో ఫోనులో పండగ కబురు చెప్పుకునే దారి మూసుకుపోవడం మాత్రం ఖాయం.

తల్లిదండ్రుల పాత్ర గురించి రాబిన్ ఫైవుష్ వంటి పరిశోధకులు గమనించినది ఇక్కడ పనికొస్తుంది. గడిచిన సంగతులను పిల్లలతో మాట్లాడేటప్పుడు కొందరు తల్లులు బిడ్డ అన్న ప్రతి మాటకూ కొంత చేర్చి ముందుకు సాగుతారు, కొందరు కావలసిన జవాబు వచ్చేదాకా అదే ప్రశ్న మళ్లీ మళ్లీ అడుగుతారు. మొదటి తరహా ఇళ్లల్లో పెరిగిన పిల్లలు తమ అనుభవాలను తర్వాత మరింత వివరంగా చెప్పగలుగుతారు. ఈ రెండో తరహా అలవాటు పిల్లల మీద బెంగ ఉన్న ఇళ్లల్లో పెరగడం సహజమే గాని, పండగ రోజంతా "ఇదేంటి, చెప్పు, ఇదేంటి" అంటూ గడిచిన బిడ్డకు మర్నాడు థెరపిస్టు దగ్గర చెప్పడానికి ఓపిక మిగలదు. థెరపిస్టు వైపునుంచి కూడా ఒక ఇరకాటం ఉంది. బిడ్డ మాట అర్థం కావాలంటే ఇంట్లో జరిగినది కొంతైనా తెలియాలి. అంతా తెలిస్తే అడిగే ప్రశ్న మళ్లీ పరీక్షా ప్రశ్న అవుతుంది. దీనికి పనికొచ్చే ఉపాయం మడిచిన చీటీ. పండగ నాడు జరిగిన ఒకటి రెండు విశేషాలు తల్లి చీటీ మీద రాసి మడిచి పంపితే, థెరపిస్టు దాన్ని బల్ల మీద పెట్టి ముందు బిడ్డ చెప్పినది వింటుంది. మాట ఎక్కడో చిక్కుపడి బిడ్డకు కోపం వచ్చినప్పుడు, బిడ్డ అనుమతితోనే, దాన్ని విప్పుతుంది. చాలామంది పిల్లలు ఆ చీటీని విప్పనివ్వకుండా తామే చెప్పడానికి పట్టుబడతారు.

ఈ సంభాషణలో ఎదురుచూడవలసిన ఘట్టం ఒకటి ఉంది, అది రావడానికి కొందరు పిల్లలకు రెండు మూడు ఉగాదులు పడుతుంది. తమ ఇంటి సంగతి చెప్పడం అయిపోయాక బిడ్డ తల ఎత్తి "మేడం, మీరు తిన్నారా?" అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు బిడ్డకు తెలియదు, బొమ్మ కార్డుల మీద లేదు, తల్లి పంపిన చీటీలో లేదు. థెరపిస్టు చేతిలోని నమోదు పుస్తకంలో బిడ్డ జవాబులకు గడులుంటాయి, బిడ్డ అడిగిన ప్రశ్నలకు సాధారణంగా ఉండవు కాబట్టి దాన్ని అంచున ఎక్కడో పెన్సిలుతో రాసుకోవలసి వస్తుంది. అంతకంటే ముందు, సెలవు లేక పొద్దున్నే బస్సెక్కి వచ్చిన ఆమె తాను ఈసారి పచ్చడి తిన్నదో లేదో నిజం చెప్పాలి.